కుడి భుజం మీద కంబళి

ఆ రోజు ఉదయం కళ్లజోళ్లాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం దాకా షాపు మూసెయ్యాలి, భార్యతో కలిసి మొదటి ఆట చూడాలి, బయటికి రాగానే బావమరిదికి ఫోన్ చేసి నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఇందులో గొడవకు ఎక్కడా చోటు లేదు. చోటు లేనిచోట కూడా గొడవను ఇరికించగల మనిషి కాబట్టి ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

ఆయన వయసు నలభై దాటింది. వీధిలో పరువున్న మనిషి. కానీ కంబళివీరుడి మాటెత్తితే చాలు, నిక్కరు వేసుకున్న పిల్లాడైపోతాడు. కంబళివీరుడు పాత బొమ్మల పుస్తకాల్లో ఒక గొర్రెల కాపరి. ఎడమ భుజం మీద ఓ కంబళి ఉంటుంది. దాన్ని విసిరితే ఏటి మీద వంతెనవుతుంది, కప్పితే మంటలు చల్లారతాయి, పరిస్తే ఊరు ఊరంతా ఎక్కి కూర్చుని ఎగిరిపోవచ్చు. ఆ పుస్తకాలు అచ్చు ఆగిపోయి చాలా కాలమైంది. కళ్లజోళ్లాయన దగ్గర మాత్రం మొత్తం ఉన్నాయి. ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయి. పెట్టెకు తాళం ఉంది. తాళంచెవి ఆయన ఎడమ జేబులో ఉంది. పెళ్లయిన కొత్తలో భార్య ఒక పుస్తకం చూస్తానంటే, "చేతులు కడుక్కున్నావా?" అన్నాడు. కడుక్కుని వచ్చింది. "తుడుచుకున్నావా?" అన్నాడు. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఇన్నాళ్లకు కంబళివీరుడి మీద యానిమేషన్ సినిమా వచ్చింది. దానికి పనిచేసినవాళ్లలో ఆయన భార్య తమ్ముడు కూడా ఒకడు. ఇంట్లో అందరూ వాణ్ని చిన్నోడంటారు. చదువుకునే రోజుల్లో బడి వదలగానే బావ షాపుకొచ్చి, కంటి పరీక్ష కుర్చీలో కూర్చుని, చీకటి పడేదాకా బొమ్మలు గీసుకునేవాడు. కంబళివీరుడి పిచ్చి వాడికి అంటించింది బావే. ఆ చిన్నోడు పొద్దున్నే ఫోన్ చేశాడు.

"బావా, ఇవాళ చూస్తున్నావు కదా?"

"చూడక? రాత్రంతా కంటిమీద కునుకు లేదురా."

"రెండో భాగానికీ నన్ను రమ్మంటున్నారు. సాయంత్రంలోగా ఔనో కాదో చెప్పాలి. మా బావ చూసి చెప్పాకే చెప్తానన్నాను."

"నాదేముందిరా? నీ ఉద్యోగం, నీ ఇష్టం."

"అలా కాదు బావా. నీకు నచ్చలేదంటే నేను ఈ పనికి పనికిరానన్నట్టే. పాత కంపెనీకే పోయి సబ్బుల ప్రకటనల్లో నురగ గీసుకుంటా."

"నురగైనా బాగానే గీస్తావులే. ఇంతకీ ఇందులో నువ్వు చేసిందేంటి?"

"ఈ వారం దాటేదాకా ఎవరికీ చెప్పకూడదట. సంతకం పెట్టించుకున్నారు. నువ్వే చూసి కనిపెట్టు."

"నీ చేతి గీత నేను కనిపెట్టలేనా?" అని కళ్లజోళ్లాయన గర్వంగా నవ్వి, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

హాల్లో దీపాలు ఆరాయి. ఏటి ఒడ్డు కనిపించింది, గొర్రెలు కనిపించాయి, ఆ వెనక సూర్యుడు, సూర్యుడి ముందు మనిషి. జనం ఈలలు వేశారు. కళ్లజోళ్లాయన మాత్రం సీట్లోంచి లేచి నిలబడ్డాడు. వెనక వరుసలోవాళ్లు కూర్చోమని అరిచారు. ఆయన కూర్చోలేదు. తిన్నగా బయటికి నడిచి, మెట్లెక్కి, సినిమా ఆడించే గది తలుపు తట్టాడు.

"బొమ్మ తిరగబడింది," అన్నాడు ఆయాసపడుతూ.

"తలకిందులుగా వస్తోందా?" అని ఆపరేటరు కంగారుపడ్డాడు.

"తలకిందులు కాదయ్యా. కుడి ఎడమలు మారిపోయాయి. కంబళి కుడి భుజం మీదుంది!"

ఆపరేటరు కంగారు తగ్గింది. "ఇందాక సినిమా పేరు పడింది కదా, చదివారా?"

"చదివాను."

"తిన్నగానే చదివారా?"

అక్షరాల విషయంలో ఇంకొకరు తనను పరీక్ష చేయడం కళ్లజోళ్లాయన జీవితంలో అదే మొదలు. "తిన్నగానే," అన్నాడు.

"మరింకేం? మీరు చూసింది తిన్నగానే ఉంది. వెళ్లి కూర్చోండి."

చీకట్లో ఇద్దరి కాళ్లు తొక్కి తన సీటు చేరుకున్నాడు. భార్య తెర మీంచి చూపు తిప్పకుండా, "ఏమైంది?" అంది.

"కంబళి కుడి భుజం మీదుంది."

"పడిపోలేదు కదా. చూడండి."

చూశాడు. నిజం చెప్పాలంటే సినిమా బాగుంది. వరద వచ్చిన రాత్రి, వంతెన కింద చిక్కుకున్న పసిపిల్లకు వీరుడు తన కంబళి కప్పే ఘట్టం ఒకటుంది. తడిసి బరువెక్కిన కంబళి, దాని కుచ్చుల్లోంచి ఒక్కొక్క చుక్కే జారే నీళ్లు, లోపల్నించి బయటికొచ్చిన చిన్న చెయ్యి. కళ్లజోళ్లాయనకు కన్నీళ్లు ఆగలేదు. అంతలో వీరుడు లేచి నిలబడ్డాడు, కంబళి కుడి భుజం మీదికెక్కింది, కన్నీళ్లు ఆగిపోయాయి. విలన్ సోది చెప్పాడు, ఒళ్లు మండింది. మెల్లకన్ను మేక ఒకటి వచ్చింది, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. మళ్లీ భుజం, మళ్లీ మంట. రెండు కళ్లకూ రెండు వేరు వేరు నంబర్లున్నవాడి అవస్థ ఆయనది. సినిమా అయిపోయి పనిచేసినవాళ్ల పేర్లు పడుతున్నప్పుడు అద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆవిడ ఏమో కాళ్లు తిమ్మిరెక్కాయని అప్పటికే లేచింది.

హాలు మెట్లు దిగుతూనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్ చిన్నోడా, అదరగొట్టారు! కనిపెట్టేశాన్రా. ఆ మేక నీదే కదా? మెల్లకన్ను అంత బాగా గీయాలంటే కళ్లజోళ్ల షాపులో పెరిగినవాడే గీయాలి!"

"మేక నచ్చిందా బావా?"

"ప్రాణం పెట్టావురా దానికి."

"మరి... కంబళి ఎలా ఉంది?"

"దాని ఊసెత్తకు! కుడి భుజం మీదేంట్రా అది? చేసినవాడెవడో గానీ పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు. వాడికి కళ్లు పరీక్ష చేయించాలి. నా దగ్గరికి పంపు, ఊరికే చేస్తాను."

"సరే బావా. ఉంటాను," అని చిన్నోడు పెట్టేశాడు. "మొహమాటం వెధవ, పొగిడితే తట్టుకోలేడు," అన్నాడు కళ్లజోళ్లాయన భార్యతో, ముచ్చటగా.

ఇక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ ఆయన కంబళి సేనకు అధ్యక్షుడు. కంబళి సేన అంటే ఫోన్లో ఒక గ్రూపు, తనలాంటివాళ్లను పోగేసి ఆయనే పెట్టాడు. వాళ్లంతా అధ్యక్షులవారి అభిప్రాయం కోసం కాచుకుని ఉన్నారు. షాపు తెరిచి, ఫ్యాను వేసుకుని, తీరిగ్గా మాటల్లోనే రికార్డు చేసి పంపాడు. అందులో ఏటిని పొగిడాడు, గొర్రెల్ని పొగిడాడు, వరద రాత్రిని పొగుడుతూ గొంతు పూడుకుపోయి కాసేపు ఆగాడు, మేకను మళ్లీ మళ్లీ పొగిడాడు. చిట్టచివర మాత్రం కుడి భుజం సంగతి, కళ్ల పరీక్ష సంగతి చెప్పి ముగించాడు.

సేనకు ఉపాధ్యక్షుడు దర్జీ. పొడుగున్నది ఏదైనా చేతికొస్తే ఊరుకునే మనిషి కాడు. అధ్యక్షులవారి మాటల్లో ముందు భాగమంతా తీసేసి, కంబళి ముక్క ఒక్కటే ఉంచి పదిమందికీ పంపాడు. ఆ పదిమంది ఇంకో పదిమందికి పంపారు. కళ్లజోళ్లాయన అద్దాలు బిగిస్తూ కూర్చుని ఉండగానే ఆయన గొంతు ఆయనకు తెలియనివాళ్ల చేతుల్లోంచి కూడా వినిపించడం మొదలైంది. "వాడికి కళ్లు పరీక్ష చేయించాలి" అన్న మాట వీధి మలుపులో ఎవడి ఫోన్లోనో మోగుతుంటే, "ఎవరో బాగా అన్నారే" అనుకున్నాడు కూడా.

దర్జీ ఫోన్ చేశాడు. "అధ్యక్షా, మేం హాలు దగ్గరున్నాం. అందరం ఎడమ భుజాన కంబళి వేసుకొచ్చాం."

"ఈ ఎండలోనా?"

"ఉక్కగానే ఉంది. కానీ పట్టుదల మీదున్నాం. పొద్దున్నే మీరొక్కరే ఆపరేటరు గదికి వెళ్లి పోరాడారట కదా! ఆయనే చెప్పాడు. మాతో ఒక్క మాటా అనలేదేంటండీ?"

"పోరాటమేం కాదయ్యా, ఏదో అడిగాను."

"అదే, మీ పెద్దమనసు!" అని దర్జీ ఫోన్ పెట్టేసి, అధ్యక్షులవారు ఒంటరి పోరాటం చేశారని ఇంకో కబురు పంపాడు.

ఆ కబురు చూసుకుని కళ్లజోళ్లాయన లోలోపల కాస్త మురిసిపోతున్న సమయంలో, కౌంటర్లో కూర్చున్న భార్య ఫోన్ మోగింది. ఆవిడ "ఊఁ" అంది, "ఔనా" అంది, "ఏడవకురా" అంది. ఫోన్ పెట్టేసి, ఎదుట ఉన్న ఫ్రేములన్నీ వరసగా సర్దింది. ఆవిడ సర్దుతోందంటే ఏదో ఉందని ఆయనకు తెలుసు.

"ఏమండీ, ఆ కంబళి చేసింది మన చిన్నోడట."

ఆయన చేతిలోని స్క్రూ ఎటో ఎగిరిపడింది. "మేక కాదా?"

"మేక వాడి పక్క సీటువాడిదట. ఆ కుర్రాడంటే వీడికి అసలు పడదట."

"నేను ప్రాణం పెట్టావన్నాను!"

"అదీ చెప్పాడు. మీ మాటలు వాళ్ల డైరెక్టరు గారి దాకా వెళ్లాయట. వీడు రెండో భాగానికి రానని చెప్పేస్తాడట. సాయంత్రం దాకా కూడా ఆగడట."

కళ్లజోళ్లాయనకు తల కొట్టేసినట్టయింది. ఎత్తుకు తిరిగిన పిల్లాడు. పెన్సిలు చెక్కి ఇచ్చిన పిల్లాడు. వాడి నోటికాడ కూడు తన నోటితోనే తీసేశాడు. వెంటనే ఫోన్ చేశాడు, చిన్నోడు ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. "నువ్వు చెయ్యి," అని భార్యను బతిమాలాడు. ఆవిడ చేస్తే ఎత్తి, "బస్సులో ఉన్నానక్కా" అని పెట్టేశాడు. ఏ బస్సులో, ఎక్కడికి వెళ్లే బస్సులో అన్నది చెప్పలేదు.

"ఎలాగే ఇప్పుడు?"

"అన్నదెక్కడో, దిద్దుకునేదీ అక్కడే," అంది ఆవిడ.

అన్నది సేనలో. కాబట్టి కళ్లజోళ్లాయన గొంతు సవరించుకుని, సేనకు రెండో అభిప్రాయం పంపాడు. తొందరపడ్డానని, కుడి భుజం కూడా భుజమేనని, కాపరి అన్నవాడు ఎప్పుడూ ఒకే భుజం మీద మోస్తే నొప్పి పుడుతుందని, కాబట్టి కథలో చెప్పకపోయినా అప్పుడప్పుడూ మార్చుకుంటూ ఉంటాడని అందులో చెప్పాడు. తనకే నమ్మకం కుదిరేంత బాగా చెప్పాడు.

ఎండలో కంబళి కప్పుకుని నిలబడ్డవాళ్లకు ఇలాంటివి ఎక్కవు. "నొప్పా? కంబళివీరుడికి నొప్పా?" అని ఒకరు. "ఉదయం పోరాటం, మధ్యాహ్నం ప్లేటు ఫిరాయింపు," అని ఇంకొకరు. ఇంతలో ఎవరో ఆరా తీసి, అధ్యక్షులవారి బావమరిది ఆ స్టూడియోలోనే పనిచేస్తున్నాడని బయటపెట్టారు. ఇక చూడాలి. దర్జీ చాలా మర్యాదగా, "మీమీద గౌరవం ఉందండీ, కానీ సేన ముఖ్యం" అని రాశాడు. ఆ మరుక్షణం కళ్లజోళ్లాయన పెట్టిన గ్రూపులోంచి కళ్లజోళ్లాయన్నే తీసేశారు.

"తీసేశారే," అన్నాడు ఫోన్ చూపిస్తూ.

"మంచిదే. కాసేపు మీ నోటికి విశ్రాంతి," అంది భార్య. అన్నాక జాలేసింది కాబోలు, లేచి వెళ్లి టీ పెట్టుకొచ్చి ఇచ్చింది.

ఎండ వాలాక షాపు తలుపు తెరుచుకుంది. భుజాన సంచీ, ఎర్రబడ్డ కళ్లు, చెదిరిన జుట్టుతో చిన్నోడు నిలబడ్డాడు. అక్కను చూసి తలూపాడు. బావ వైపు మాత్రం చూడలేదు.

"కళ్లు పరీక్ష చేస్తానన్నావట. చేయించుకుందామని వచ్చాను," అన్నాడు.

"ఒరేయ్, నేనేదో నోరు జారి..."

"ఊరికే చేస్తానన్నావు కదా బావా. చెయ్యి."

వాడు తిన్నగా లోపలి గదిలోకి వెళ్లి, చిన్నప్పుడు కూర్చున్న కుర్చీలోనే కూర్చున్నాడు. ఆ గది చాలా పొట్టిది. అక్షరాల అట్టను దూరంగా పెట్టడానికి చోటు లేదు. అందుకని చిన్న షాపుల్లో చేసినట్టే ఇక్కడా అట్టను కుర్చీ వెనక గోడకు తగిలించి, కుర్చీ ఎదురుగా పెద్ద అద్దం పెట్టారు. కూర్చున్నవాళ్లు అద్దంలో చూసి చదవాలి. అట్ట మీద అక్షరాలు తిరగేసి అచ్చు వేసి ఉంటాయి కాబట్టి అద్దంలో తిన్నగా కనిపిస్తాయి. కళ్లజోళ్లాయన అద్దం పక్కన, చిన్నోడి ఎదురుగా నిలబడ్డాడు.

"ముందు నన్ను క్షమించరా," అన్నాడు. "అది నీ పనని తెలిస్తే అలా అనేవాణ్ని కాదు."

"తెలియకుండా అన్నదే నిజం బావా. అది పోనీ. కుడి భుజం మీద వేస్తే తప్పేంటో చెప్పు. అది నాకు అర్థం కావడం లేదు."

"తప్పేంటంటావేంట్రా? కంబళి ఉండేదే ఎడమ భుజం మీద!"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటి? పుస్తకాల్లో ఉంది. ఇదిగో, నీ వెనక గోడ మీద పోస్టర్లో ఉంది!"

అక్షరాల అట్ట పక్కనే కంబళివీరుడి పాత పోస్టరు ఒకటుంది. పేరున్న పైభాగం ఎప్పుడో చిరిగిపోయింది. మిగతా మనిషి చెక్కుచెదరకుండా ఉన్నాడు. కంబళి ఎడమ భుజం మీదే ఉంది. కళ్లజోళ్లాయన వేలు పెట్టి చూపించాడు.

చిన్నోడు వెనక్కి తిరగలేదు. ఎదురుగా ఉన్న అద్దం వైపు చెయ్యి చాపాడు. "అదే కదా బావా నేనూ చెప్పేది. కుడి భుజం మీదుంది."

కళ్లజోళ్లాయన గబగబా కుర్చీ దగ్గరికొచ్చాడు. చిన్నోణ్ని లేపి, తాను ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆ గదిలో ఇన్నేళ్లుగా ఎందరినో కూర్చోబెట్టి చూపించాడు గానీ, తాను ఒక్కసారీ అక్కడ కూర్చుని చూడలేదు. అద్దంలో అక్షరాలన్నీ తిన్నగా ఉన్నాయి. పక్కన పోస్టర్లో కంబళివీరుడు మాత్రం కుడి భుజాన కంబళితో హాయిగా నవ్వుతున్నాడు. అక్షరాలను తిరగేసి అచ్చు వేశారు గానీ వీరుణ్ని ఎవరూ తిరగేయలేదు.

"దీన్ని చూసే గీసేవాడివా?" అన్నాడు చివరికి.

"రోజూ. ఇంకేం చూసి గీయను?"

"ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేకపోయావురా?"

"కుర్చీ తిప్పితే వీపు చీరేస్తానన్నావుగా."

నిజమే, అలా అన్నాడు. ఆ మాట ఆయనకు గుర్తుంది.

"పోనీ, పుస్తకాల్లో..." అని మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. తన రెండు చేతులూ ఒకసారి చూసుకుంది, అంతే.

"స్టూడియోలో నమూనా బొమ్మ అడిగితే అందరూ ఎడమ భుజం మీదే గీసుకొచ్చారు బావా," అన్నాడు చిన్నోడు. "నాదొక్కటే వేరుగా ఉంది. 'ధైర్యంగా కొత్తగా ఆలోచించాడు' అని డైరెక్టరు గారు నన్ను తీసుకుని, వీరుణ్ని కూడా నేను గీసినట్టే ఉంచేశారు. నేనేమో మిగతావాళ్లంతా తప్పు గీశారనుకున్నాను. మా బావ షాపులో ఉన్నదే అసలుదని ఎంత వాదించానో. ఇవాళ నువ్వే తప్పన్నావు."

కళ్లజోళ్లాయన కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "చిన్నోడా, ఇప్పుడు నిజం చెప్తా విను. విలన్ దండగ. పాటలు సాగదీశారు. కానీ వరద రాత్రి నువ్వు ఆ పిల్లకు కంబళి కప్పావు చూడు, నీళ్లతో బరువెక్కి, కుచ్చులు కారుతూ... అది బొమ్మని మర్చిపోయాన్రా. ఏ భుజమో కూడా మర్చిపోయాను. హాల్లో వెక్కి వెక్కి ఏడ్చాను, మీ అక్కనడుగు."

"నా చీర చెంగు తడిసింది," అంది అక్క.

చిన్నోడి మొహంలో మొదటిసారి వెలుగొచ్చింది. "నిజంగానా బావా?"

"తెలియకుండా అన్నదే నిజమన్నావుగా. సేనకు పంపిన దాంట్లో మొత్తం ఉంది. వరద రాత్రి దగ్గర గొంతు పూడుకుపోయింది కూడా. దర్జీ కత్తిరించేశాడు." అని మొదటి నుంచీ వినిపించాడు. చిన్నోడు అక్కడే, ఆ కుర్చీ పక్కనే నిలబడి, అంతా విన్నాడు. మేక దగ్గరికొచ్చేసరికి మొహం ముడుచుకున్నాడు గానీ ఓర్చుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి, రానని రాసి ఇంకా పంపకుండా ఉంచిన కబురు చెరిపేసి, డైరెక్టరు గారికి వస్తున్నానని కబురు పెట్టాడు.

"ఒక్క షరతు బావా," అన్నాడు. "రెండో భాగం గీయాలంటే పుస్తకాలు చదవాలి."

కళ్లజోళ్లాయన చెయ్యి అప్రయత్నంగా ఎడమ జేబు మీదికెళ్లింది. అక్కడే కాసేపు ఉంది. తర్వాత తాళంచెవి బయటికొచ్చింది. చిన్నోడి అరచేతిలో పెట్టి, ఆ అరచేతిని ఒకసారి తిప్పి చూసి, ఏదో అనబోయి మింగేశాడు. భార్య అప్పటికే లోపలికెళ్లి చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండు చేతులూ ఎత్తి చూపిస్తూ వచ్చింది.

"రెండో భాగంలో మరి ఏ భుజం బావా?" అన్నాడు చిన్నోడు.

కళ్లజోళ్లాయన కుర్చీలోంచి లేవకుండా అద్దంలోకి చాలాసేపు చూశాడు. "ఇప్పుడు మారిస్తే దర్జీ తనే గెలిచాననుకుంటాడు," అన్నాడు. "కుడి భుజమే ఉంచు."

మర్నాడు షాపు మామూలుగానే తెరిచాడు. అద్దం పక్కన మాత్రం కొత్త కాగితం ఒకటి అంటించి ఉంది: ఇందులో చూసి బొమ్మలు గీసుకునేవారికి యాజమాన్యం బాధ్యత వహించదు.